ధర్మసాగర్ కాడ రేసు

మే నెల. పొద్దు ఇంకా పొడువలే.
హన్మకొండ చౌరస్తాల ఇడ్లీ బండోళ్లు గూడ లేవలే.
నేను బ్యాండుల కార్నెట్ ఊదేటోన్ని,
రాత్రి మూడింటి దాక ఎవ్వల పెండ్లిలనో ఊది
పెదవులు కందిపోయి ఉన్నయి.
అంకూస్ భాయ్ అచ్చి తలుపు కొట్టిండు:
"బాజా పట్టుకొని రా, సముద్రం కాడికి పోదాం."

ఓరుగల్లుకు సముద్రం యాడిది?
ఎన్నడో గుర్రాలు ఓడలెక్కి మోటుపల్లిల దిగి
మన కోటకు నడిచచ్చినయంటరు.
వాటి ఎంట అలల సప్పుడు గూడ అచ్చిందో లేదో
రాళ్లల్ల ఎవ్వలు రాయలే.

డీసీఎంల చాందిని తల బయటికి పెట్టి నిలబడ్డది.
నెత్తి మీద నిన్నటి జరీ కుచ్చు అట్లనే ఉన్నది,
చెవి ఎనుక ఎండిన కనకాంబరం.
కాయితాల మీద దీని పేరు కోస్టల్ క్వీన్.
బొంబాయిల, తెల్లోళ్ల కాలం నాటి రేసుకోర్సుల
మూడేండ్లు ఉరికింది.
కట్టె గ్యాలరీలు, టోపీలు పెట్టుకున్న ఆడోళ్లు,
గోడ అవతల రోడ్డు, రోడ్డు అవతల సముద్రం.
ఎండకాలం పొద్దుగాల ప్రాక్టీసు కాడ
ఉప్పుగాలి తగిలి గుర్రాలు తుమ్మేటియట.
అంకూస్ భాయ్ అండ్ల పదకొండేండ్లు లద్దె ఎత్తిండు.
మోకాలు వాసినంక దీన్ని అగ్గువకు కొని ఊరికి తెచ్చిండు.
తెచ్చిన్నా, దింపిన్నా అని
తనను తనే అడుగుతడు, అప్పుడప్పుడు.

ధర్మసాగర్ల నీళ్లు ఎనుకకు జరిగినయి.
బయటపడ్డ నేల పర్రెలు బాసి ఉన్నది.
నీళ్ల అంచుకు మాత్రం మెత్తగ, సల్లగ,
ఫర్లాంగు పొడుగు ఒంపు తిరిగింది.
"పేరుల సాగరం ఉన్నది గద," అన్నడు, "సాలదా?"
వలలు దులుపుతున్న పిలగాండ్లు ఇద్దరు
బీడీలు ఆర్పి గట్టు మీద కూసున్నరు.
గ్యాలరీ మొత్తం వాళ్లే.

జీను లేదు, జాకీ లేడు. కళ్లెం ఇప్పిండు.
"ఊదు," అన్నడు. "గేటు తెరిచినట్టు ఊదు."
గేటు ఎట్ల తెరుస్తరో నాకేమెరుక?
నోటికి అలవాటైన బారాత్ పాటే అచ్చింది.
చాందిని చెవులు నిక్కబెట్టింది,
ఆరు అడుగులేసింది. ఆగింది.
మళ్ల ఆరు. మళ్ల ఆగింది.
పెండ్లికొడుకు బామ్మర్దులు ఎగరాలె గద,
నోట్లు తిప్పాలె గద,
జనరేటర్ బండి ముందుకు జరగాలె గద.
దాని ముందట ఎవ్వలు లేరు.
ఉత్త బురద, కొంగలు, నీళ్లు.
వాటికే దారి ఇచ్చుకుంట నిలబడ్డది.
పిలగాండ్లు నవ్విండ్రు. అంకూస్ భాయ్ నవ్వలే.

నేను బాజా దించిన.
ఊదుడు ఆపితే ఎంత నిశ్శబ్దం ఉంటదో
ఇరవై ఏండ్ల నుంచి ఊదేటోనికి తెల్వదు.
చిన్న అల ఒకటి అంచుకు తగిలింది.
నీళ్ల మీదికెల్లి గాలి అచ్చింది,
ఉప్పు లేదు అండ్ల, చాపల వాసన, నాచు వాసన.
చాందిని ముక్కు ఎత్తింది.
తుమ్మింది.

ఇగ ఏం జెప్పాలె.
జరీ కుచ్చు ఊడి యాడ పడ్డదో దొరకలే.
కొంగలన్ని ఒక్కపారే లేచినయి.
వాసిన మోకాలు దానికి యాదికి రాలే,
నాకు మాత్రం ప్రతి అంగకు యాదికచ్చింది.
అంకూస్ భాయ్ మణికట్టు మీద ఏలు పెట్టుకొని
నాడి లెక్కన టైము లెక్కబెట్టిండు.
ఒంపు తిరిగి మళ్ల మా కాడికచ్చి ఆగినంక
"ఎంత?" అని అడిగిన.
"నా గుండెనే ఎక్కువ ఉరికింది," అన్నడు. "లెక్క తప్పింది."

డెక్క సందున ఇరికిన నత్తగుల్లను
మేకుతోటి పెకిలించి జేబుల ఏసుకున్నడు.

సాయంత్రం ఏడింటికి కాజీపేటల బారాత్.
కొత్త కుచ్చుకు నూటయాభై అయింది.
పాట పాటకు నడుమ
ఎందుకో నేను జర ఎక్కువ సేపు ఆగిన.
డ్యాన్సోళ్లు తిట్టిండ్రు.
చాందిని ఒక్క చెవి నా దిక్కు తిప్పింది.